ద్రోహి గొంతు

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను నలభై మందిని. రాజును, రాణిని, గుర్రాలవాణ్ణి, ముసలి మంత్రగత్తెను. గోడలకు స్పాంజి అంటించిన ఇరుకు గదిలో మైకు ముందు కూర్చుని, కత్తులూ కోటలూ ఉండే లావుపాటి నవలలు చదివి ఆడియో పుస్తకాలు చేస్తాను. ఇంటికి వెళ్తే పలకరించే దిక్కు లేదు. నోరు నొప్పి పుట్టేలా మాట్లాడే ఉద్యోగం చేస్తూ, ఒక్క కబురు చెప్పుకోవడానికి మనిషి లేని బతుకు నాది.

ప్రతి పాత్రకూ ఒక గొంతు ఎంచుకుని, నమూనా రికార్డు చేసి దాచుకుంటాం. ఏడాదికి తర్వాతి భాగం వచ్చినప్పుడు అది విని మళ్లీ ఆ గొంతు పట్టుకోవాలి. శత్రువుకు కోట తలుపు తీసిన సేనానికి నేను మా అన్నయ్య గొంతు ఇచ్చాను. కసికొద్దీ ఇచ్చాను. తాగి కారు నడిపి ఒక మనిషిని చంపింది మా తమ్ముడేనని కోర్టులో సాక్ష్యం చెప్పినవాడు అన్నయ్య. చెప్పింది నిజమే. అదే నాకు మింగుడు పడలేదు. తొమ్మిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు.

చిత్రం ఏమిటంటే, వినేవాళ్లు రాసే ఉత్తరాలన్నీ ఆ ద్రోహి గురించే. మచ్చలేని రాజు గురించి ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్లు మండేది.

ఇవాళ నాలుగో భాగం మొదలుపెట్టాం. చెరసాలలో సేనాని అంటాడు: "తలుపు ఎవరు తీశారని అందరూ అడిగారు. ఎందుకు తీశావని ఒక్కరూ అడగలేదు."

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ వాక్యం మధ్యలోనే ఆగిపోయాను. అద్దం అవతల రికార్డిస్టు, పెద్దాయన, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"ఈ మనిషంటే బాగా ఇష్టమా అమ్మా?"

"అసహ్యమండీ."

"రాజుగారిని చదివేటప్పుడు ఆవలిస్తారు. ఈయన రాగానే కుర్చీ అంచుకొచ్చేస్తారు."



మధ్యాహ్నం విరామంలో మెట్ల మీద కూర్చుని అన్నయ్యకు ఫోన్ చేశాను. నంబరు తీసేయలేదు. అదొక్కటే నా మంచితనం.

"హలో" అన్న గొంతు నేను పోల్చుకోలేకపోయాను. బొంగురుగా, అలసటగా ఉంది. మూడు పుస్తకాలుగా నేను దాచుకుని తిడుతున్నది ఎప్పటి మనిషినో.

"ఎందుకు చెప్పావన్నయ్యా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.



"నువ్వు అడుగుతావని జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నానే. రోజూ అప్పజెప్పుకునేవాణ్ణి. ఇన్నేళ్లకి పూర్తిగా గుర్తు రావట్లేదు."

నాకు ఏడుపొచ్చింది.

"గుర్తున్నంతే చెప్పు," అన్నాను. "వింటాను."