నాలుకకి దొరకని చోటు

పొద్దున్నే అత్తగారు ముందుగది కిటికీలు తెరిచి, వచ్చేవాళ్ళ కోసం బెంచీలు తుడిచి, బల్ల మీది రేడియోకి గుడ్డతో ఓ విదిలింపు ఇచ్చి కూర్చునేసరికి, లోపలి గదిలో కోడలు పనిముట్లు పేర్చుకుని చేతులు కడుక్కుంటూ ఉండేది. ఇల్లూ ఆసుపత్రీ ఒకటే. వెనక రెండు గదుల్లో కాపురం, ముందు రెండు గదుల్లో పళ్ళు. కొడుకు పోయి చాలా ఏళ్ళయింది. ఊరందరికీ కోడలు డాక్టరమ్మ. అత్తగారు మాత్రం అందరికీ అత్తగారే. ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా "అత్తగారూ, నా వంతు వచ్చిందా?" అనే అడుగుతారు.

డాక్టరమ్మ మామూలుగా మెతక మనిషి, పనిలో రాక్షసి. పుచ్చు తీసి, పంటి రంగు ముద్ద పెట్టి, నీలం దీపంతో గట్టిపరిచాక చాలామంది డాక్టర్లు "అయిపోయింది, లేవండి" అంటారు. ఈవిడకి అసలు పని అప్పుడే మొదలు. రంగు కాగితం కొరికించి ఎత్తుపల్లాలు చూసుకుంటుంది. ముందు గరుకు చక్రం పెడుతుంది, తర్వాత సన్నరకం, ఆ తర్వాత ఇంకా సన్నం. చివరికి తెల్ల పేస్టు అద్దిన మెత్తటి ఉన్ని బిళ్ళ. చేతి బరువు వెయ్యకుండా, పన్ను వేడెక్కకుండా, ఆగి ఆగి.

"నాలుక సంగతి మీకు తెలీదు," అనేది తొందరపడేవాళ్ళతో. "అంత చాడీకోరు ఇంకోటి లేదు. ఇసుక రేణువంత గరుకు దొరికితే చాలు, కొండంత చేసి చెబుతుంది. దానికి దొరక్కుండా చేస్తేనే పని చేసినట్టు."

అలా నునుపు చేస్తున్నప్పుడు, పంటి బిగువున దాచుకున్న మాటలు బయటికొచ్చేవి. చక్రం తిరుగుతూ ఉంటే ఆ పన్నే, ఆ మనిషి గొంతుతోనే మాట్లాడేది. మనిషి మాత్రం నోరు బార్లా తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునుండేవాడు, పాపం. గరుకు చక్రానికి పైపై మాట వచ్చేది, పెద్ద గొంతుతో. చక్రం సన్నబడేకొద్దీ అడుగున ఉన్న మాట, చిన్నగా. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ పన్ను మొదట "మా ఆయన గురకతో చస్తున్నాను" అని అరిచింది. ఉన్ని బిళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఆ గురక వినపడకపోతే నాకు కునుకు పట్టదు" అంది. ఆవిడ నోరు పుక్కిలించి, మూతి తుడుచుకుని, "నొప్పేం లేదు డాక్టరమ్మా" అని ఇంటికి పోయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, అందుకని లోపల చక్రం రొద మొదలవగానే అత్తగారు రేడియో గొంతు పెంచేది. బెంచీల మీదివాళ్ళు కూడా ధరలు మండిపోతున్నాయనో, ఎండలు మండిపోతున్నాయనో గట్టిగా మాట్లాడుకునేవారు. అది అక్కడి మర్యాద.

పక్క ఊళ్ళో ఉండే కట్టుడు పళ్ళాయన ప్రతి గురువారం తను చేసిన పళ్ళ సెట్లు డబ్బాలో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ఒంటరి మనిషి, మాట తక్కువ. అడిగినదానికి జవాబు, అడగనిదానికి నవ్వు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మైనం ఉండేది. ఊరి నోళ్ళన్నీ బాగుచేస్తూ సొంత పన్ను పుచ్చిపోయేదాకా చూసుకోలేదు మహానుభావుడు.

ఓ గురువారం డాక్టరమ్మే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. సరిగ్గా ఆ రోజే రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. బెంచీల మీదివాళ్ళకి ధరల ముచ్చట కూడా అప్పుడే అయిపోయింది. గరుకు చక్రం కింద ఆయన పన్ను "బస్సులో ఒక్కసారీ సీటు దొరకదు" అని విసుక్కుంది. అంతా ముసిముసిగా నవ్వుకున్నారు. ఉన్ని బిళ్ళ పన్నుకి తగిలేసరికి ఆ పన్ను మెల్లగా, తడబడుతూ అంది: "ఈ పళ్ళు ఎవరితోనైనా పంపొచ్చు. మిమ్మల్ని చూడాలనే వస్తున్నాను. నాతో వచ్చేస్తారా?"

ముందుగదిలో ఓ పెద్దాయన పేపరు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదివేస్తున్నాడు. అత్తగారి బల్ల దగ్గర మాత్రం టక్కుమని చప్పుడైంది.

కట్టుడు పళ్ళాయన నోరు కడుక్కుని లేచాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "పన్ను చెప్పింది నిజమేనండి," అన్నాడు. "మా పనిగది కింద ఓ గది ఖాళీగా ఉంది. వెలుతురు బాగా వస్తుంది. మీ కుర్చీ పడుతుంది. కొలిచి చూశాను."

"వచ్చే గురువారం చెబుతాను," అంది డాక్టరమ్మ. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. గురువారాలు ఎందుకంత తొందరగా వస్తాయా, ఎందుకంత తొందరగా అయిపోతాయా అని తనూ అనుకుంటూనే ఉండేది కదా. ఆవిడకి ఆయనంటే ఇష్టమే.

టక్కుమన్నది అత్తగారి పన్ను, నోట్లోని పిప్పరమెంటు బిళ్ళని కొరికేసి.

"చప్పరించే బిళ్ళని కొరకడమేంటి అత్తయ్యా?"

"నా నోరు, నా బిళ్ళ. నీకేం?"

"కుర్చీలో కూర్చోండి, చూస్తాను."

అందరూ వెళ్ళిపోయాక, సణుగుతూనే కూర్చుంది. డాక్టరమ్మ విరిగిన మూలకి ముద్ద పెట్టి, దీపం చూపించి, గరుకు చక్రం ఆనించింది. ఆనించీ ఆనించగానే పన్ను గొల్లుమంది: "నన్నొదిలేసి పోతావా? ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ ఎవరి మొహం చూసుకుని బతకాలి?"

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. గరుకు మాట ముందొస్తుందనీ, సన్న మాట వెనకొస్తుందనీ ఊళ్ళో అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. కానీ అది పరాయి నోరు కాదు. ఇంకో చక్రం వేస్తే ఇంకేం వినాల్సొస్తుందో! పని నేర్చుకున్నాక మొదటిసారి, పనిముట్టు మధ్యలో పక్కన పెట్టేసింది.

"అయిపోయింది అత్తయ్యా. లేవండి."

అత్తగారు నోరు మూసుకుంది. నాలుక ఓసారి బుగ్గలోకి వెళ్ళొచ్చింది. లేచి వెళ్ళి, ఆరిన బట్టలు మడతపెట్టుకుంది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ తేల్చుకుంది, వెళ్ళడం లేదు. భర్త పోయినప్పుడు, ఈవిడ సామాను సర్దుకుని పుట్టింటికి పోతుందనే అనుకున్నారు అందరూ. అత్తగారు మాత్రం ఓ పొద్దున్న ముందుగది కిటికీలు తెరిచి, "బయట ఎవరో చెంప పట్టుకుని కూర్చున్నారు, వచ్చి చూడు" అంది. ఆ మాటే ఆవిడని మంచం మీంచి లేపింది. అలాంటి మనిషిని వదిలి ఎవరి దగ్గరికి వెళుతుంది? అనుకోవడం వరకూ తేలికే. వంటింట్లో గిన్నెలు తోముతూ, నీళ్ళ కుళాయి అలా వదిలేసి, కాసేపు ఏడ్చింది.

ఆ వారమంతా ఇంట్లో ఇద్దరూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోలేదు. అత్తగారు బ్యాటరీలు కొనలేదు. పాపం, బెంచీల మీదివాళ్ళు గొంతులు బొంగురుపోయేలా ధరల గురించి అరిచారు. నోట్లో నువ్వుగింజ నానని అత్తగారు మాత్రం మూగనోము పట్టినట్టు కూర్చుంది. ఓ వైపే నమిలేది. నాలుక ఊరుకోక, ఆ మూలకే పోయి పోయి, పుండయింది.

"ఏంటత్తగారూ, బుగ్గలో ఆ ఆట?" అంది బట్టలు కుట్టే ఆవిడ.

"కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందిట," అంది అత్తగారు, లోపలికి వినపడేలా.

గురువారం వచ్చింది. పొద్దున్న డాక్టరమ్మ లేచి వచ్చేసరికి ముందుగది కిటికీలు ఇంకా మూసే ఉన్నాయి. కంగారుగా లోపలికి పరిగెత్తింది. అత్తగారు రోగుల కుర్చీలో, గుడ్డ తనే మెడకి కట్టుకుని, కూర్చునుంది.

"ఊళ్ళో నోళ్ళన్నీ అద్దాల్లా చేస్తావు. నా నోట్లో మాత్రం ఆకురాయి పెట్టి వదిలేశావు. ఇదిగో, నాలుక చూడు."

డాక్టరమ్మకి సిగ్గేసింది. "ఆ మాట విన్నాను అత్తయ్యా. చాలదూ? నేనెక్కడికీ వెళ్ళడం లేదు. ఇవాళ ఆయనతో చెప్పేస్తాను."

"నిన్నెవరడిగారే? పన్నేదో వాగితే తీర్పు చెప్పేస్తావా? గురక ఆవిడది మొదటి మాట విని ఆపేసుంటే, ఆ కాపురం ఏమై ఉండేది?"

"ఇంకేం వినాలో అని భయమేస్తోంది."

"నాకు మాత్రం భయం లేదా? నీ చేతికి చెడ్డపేరొస్తుంది, కానియ్," అని అత్తగారు నోరు తెరిచేసింది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది.

డాక్టరమ్మ సన్న చక్రం తొడిగింది. పన్ను ఈసారి మామూలు గొంతుతో అంది: "వాడు పోయినప్పుడే వెళ్ళిపోతావనుకున్నాను. ఉండిపోయావు. ఎందుకున్నావని ఏనాడూ అడగలేదు. అడిగితే వెళతావేమోనని."

ఇంకా సన్న చక్రం కింద గొంతు మరీ తగ్గింది. "వెళ్ళవే. వయసంతా నా మందులూ మాకులూ చూడ్డంతోనే సరిపోయింది నీకు. ఆ అబ్బాయి మంచివాడు. వెళ్ళు."

డాక్టరమ్మ కళ్ళ నీళ్ళు మాస్కులోకి జారాయి. ఇంతకన్నా అడుగు మాట ఏముంటుంది? ఏ తల్లయినా ఇంతకన్నా ఏం చెబుతుంది? ఇక చాలనిపించింది. కానీ చిన్న అద్దం పెట్టి చూస్తే, ముద్దకీ పంటికీ మధ్య అంచు ఇంకా మసగ్గానే ఉంది. కంటికి ఆనని గీత. నాలుక వదలదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఉన్ని బిళ్ళకి పేస్టు అద్ది, ఊపిరి బిగబట్టి ఆనించింది.

వంగి వింటేగానీ వినపడనంత మెల్లగా, పన్ను అంది:

"నన్నూ తీసుకుపోవే. కోడలి కాపురానికి అత్త వెంటొచ్చిందని నలుగురూ నవ్వితే నవ్వనీ. ఓ మూల కూర్చుంటాను. నా రేడియో నేనే తెచ్చుకుంటాను."

అంచు మెరిసింది. డాక్టరమ్మ చక్రం ఆపింది.

అత్తగారు కళ్ళు తెరవకుండానే లేచి కూర్చుని, గ్లాసుడు నీళ్ళతో అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పుక్కిలించింది. నాలుక బుగ్గలోకి వెళ్ళింది, వెతికింది, మళ్ళీ వెతికింది.

"దొరకడం లేదే," అంది చిన్నపిల్లలా.

"వారం నించీ మింగలేక కక్కలేక ఉన్నారా అత్తయ్యా? నాతో అనొచ్చు కదా!"

"ఎలా అంటానే? ఏ అత్తయినా అనే మాటేనా అది?"

డాక్టరమ్మ ఆవిడ మెడలో గుడ్డ ముడి విప్పబోయింది. ముడి రాలేదు. ఆ గుడ్డతో సహా ఆవిడని దగ్గరికి తీసుకుంది. "మీరు లేకుండా నా రోగుల్ని ఎవరు పిలుస్తారు?" అంది.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. కట్టుడు పళ్ళాయన డబ్బా పట్టుకుని, ఉరిశిక్ష వినడానికొచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. బెంచీల మీదివాళ్ళంతా ఒక్కసారిగా పైకప్పు పరీక్షించడం మొదలెట్టారు.

"ఆ గదికి ముందు ఇంకో గది ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చిన్నదుందండి."

"అందులో బెంచీలు వెయ్యాలి. ఓ బల్ల పట్టాలి. బల్ల వెనక ఓ మనిషి కూర్చోవాలి."

ఆయన అత్తగారి వైపు చూశాడు, వెంటనే నేల చూపులు చూశాడు. "కొలిచానండి," అన్నాడు. "కుర్చీ కొలిచిన రోజే ఆ బల్ల కూడా కొలిచాను. కిటికీ పక్కన పడుతుంది. అత్తగారు లేకుండా మీరొస్తారని నేననుకోలేదు."

అని, జేబులోంచి రెండు కొత్త బ్యాటరీలు తీసి అత్తగారి బల్ల మీద పెట్టాడు. "పోయినవారం మూగబోయింది కదా అని..."

అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూసింది. బ్యాటరీలు రేడియోలో వేసింది. లోపల చక్రమేదీ తిరగడం లేదు, ఏ పన్నూ మాట్లాడడం లేదు. అయినా రేడియో గొంతు చివరిదాకా పెంచేసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బెంచీల మీదివాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి, ధరల గురించి గట్టిగా మాట్లాడుకున్నారు.