మీటరు చూపని వేడి

ఫిల్మ్ నగర్‌లోని ఆ గ్రాఫిక్స్ స్టూడియోలో నిఖిల్ పొద్దున రాగానే చేసే మొదటి పని మీటర్లు చూడటం. మొత్తం నలభై కంప్యూటర్లు. ప్రతిదాని తెర మీదా కుడివైపు మూల ఓ చిన్న మీటరు ఉంటుంది, ప్రాసెసర్ మీద ఎంత బరువు పడిందో, లోపల ఎంత వేడి పుట్టిందో చెబుతూ. ఏదైనా తొంభై డిగ్రీలు దాటి ఎర్రబడితే నిఖిల్ ఏసీ జోలికి పోడు, కౌసల్యను పిలుస్తాడు.

కౌసల్య ఊడ్చి తుడిచే మనిషి, రహమత్ నగర్ నుంచి వస్తుంది. కొంగుకు చెయ్యి తుడుచుకుని కంప్యూటరు డబ్బా మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, తొంభై కాస్తా యాభైకి దిగేది. అదేం వింతని అక్కడెవరూ అడగలేదు, చెయ్యి చలవ అనుకున్నారు, అంతే. బస్తీలో పిల్లల జ్వరాలు కూడా ఆమె అలాగే దింపేది. తీసుకున్న వేడిని సాయంత్రం ఇంట్లో బకెట్లో చెయ్యి ముంచి వదిలించుకునేది. ఆ నీళ్ళతోనే కూతురు అరుణజ్యోతి స్నానం చేసేది.

ఆ పిల్ల గొంతు ఎంత బాగుంటుందో! నిఖిల్ ఒకసారి విని, తెలిసిన డబ్బింగ్ ఇంజనీరుకు చెప్పాడు. హీరోయిన్ చెల్లెలి పాత్రకు తెలంగాణ యాస కావాలట, సోమవారం రమ్మన్నారు. ఆ మేలు కౌసల్య మరిచిపోలేదు. అదే ఆమె కొంప ముంచింది.

ఆ వారమే ఓ పెద్ద సినిమా విడుదల. మంటలూ వరదలూ ఏనుగులూ అన్నీ ఆ డబ్బాల్లోనే తయారవ్వాలి. ఏ మీటరు చూసినా నూటికి నూరు. కౌసల్య ఒకదాని మీంచి చెయ్యి తీసి ఇంకోదాని మీద పెట్టడంతోనే సరిపోయింది. ఇంటికెళ్తే మూడు బకెట్లు మరిగినా చెయ్యి చల్లబడలేదు. ఆ వేడి ఎంతో చూపే మీటరు ఎవరి దగ్గరా లేదు.

మంగళవారం అరుణజ్యోతికి జ్వరం వచ్చింది. డాక్టరు మందులిచ్చి, తలకెక్కనివ్వకండి అన్నాడు. బుధవారం మధ్యాహ్నానికి పిల్ల కాగిపోతోంది. కౌసల్య నుదుటి మీద చెయ్యి పెట్టగానే పిల్ల ఉలిక్కిపడింది.

"చెయ్యి తియ్యే అమ్మా, కాలుతున్నది."

ఊరందరికీ చల్లగా తగిలిన చెయ్యి కన్నబిడ్డకు నిప్పయింది. కౌసల్యకు ఏడుపు ఆగలేదు. ఎక్కడి వేడి అక్కడే ఇచ్చెయ్యాలి, ఇంకో దారి లేదు. పక్కింటామెను పిల్ల దగ్గర కూర్చోబెట్టి స్టూడియోకి ఆటో ఎక్కింది.

చేతిలో వేడి డబ్బాలకే తిరిగిచ్చేస్తానంటే నిఖిల్ కాదనలేదు. ఆఖరి షాటు తొంభై ఏడు శాతం అయిందనీ, ఇప్పుడు డబ్బాలు వేడెక్కి ఆగితే మళ్ళీ మొదటికొస్తుందనీ చెప్పాడు.

"ఒక్క పది నిమిషాలు ఆగక్కా, ప్లీజ్."

మొహమాటం ఎంత పాడుదో చూడండి! అవతల బిడ్డ ఉడికిపోతుంటే, ఆ బిడ్డకు సాయం చేసిన మనిషి మాట తీసెయ్యలేక, గోడవార నిలబడింది ఆ తల్లి. పది నిమిషాలు గంటయింది, గంటన్నరయింది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

షాటు పూర్తయింది, అందరూ చప్పట్లు కొట్టారు. కౌసల్య వరసగా డబ్బాల మీద చెయ్యి ఆనించుకుంటూ పోయింది. మీటర్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి, డబ్బాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఇక వాటితో పనేముంది?

ఇంటికొచ్చి నుదుట చెయ్యి పెట్టింది. చిటికెలో జ్వరం దిగిపోయింది. అరుణజ్యోతి కళ్ళు తెరిచి, తల్లిని చూసి నవ్వింది కూడా. కౌసల్యకు ప్రాణం లేచొచ్చింది.

"ఇగ ఫికర్ లేదు బిడ్డా. సోమవారం పోదాం."

పిల్ల ఆమె పెదాలకేసి చూసింది.

"అమ్మా, నోరు ఆడుతుంది గని మాట వస్తలేదేందే?"

అంతలో దిండు పక్కనే ఫోను మోగింది. నిఖిల్. సోమవారం సంగతి చెప్పడానికే అయ్యుంటుంది. గుమ్మంలో ఉన్న పక్కింటామె వెనక్కి తిరిగి చూసింది. చెవి పక్కనే మోగుతున్నా అరుణజ్యోతి తల తిప్పలేదు. కౌసల్య ఆ చల్లటి చేత్తో పిల్ల చెవి నిమురుతూ ఉండిపోయింది. ఫోను మోగీ మోగీ ఆగింది.