బారసాల పూలు

బారసాలకని అప్పలనర్సమ్మకు రెండు కిలోల మల్లెపూలు చెప్పి ఉంచాను. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇమ్మన్నాను. ఇందు పాప పద్దెనిమిదో రోజు తెల్లవారేసరికి పోయింది. ఇరవయ్యో రోజున మా గవరపాలెం సందు చివర ఆమె బుట్ట ముందు నిలబడి, పావుకిలో విడిపూలు ఇప్పుడే కావాలని అడిగాను.

ఆవిడ దండ కట్టడం ఆపి నా మొహంలోకి చూసింది.

"పాలకేనా?"

తలూపాను.

"మొగ్గలొద్దమ్మా. విచ్చినయి అట్టుకెళ్ళు. రెండేపులా పరిసి గట్టిగా కట్టు. వాడిపోతే మార్సీ. రెండు రోజుల్లో పాలు ఎండిపోతాయి."

పొట్లం కట్టి ఇచ్చాక, రేపటికి చెప్పిన పూలు ఏం చెయ్యమంటావని అడగబోయి ఊరుకుంది.

ఇందు నా ఆడపడుచు. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. మొదటి కాన్పుకు ఇందు పుట్టింటికి రావడమంటే నా దగ్గరకు రావడమే. పథ్యం వండింది నేను. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది నేను. ఆ ఉదయం ఇంతసేపు లేవలేదేమిటని చీర ఉయ్యాలలో చెయ్యి పెట్టి చూసిందీ నేనే.

ఎందుకు పోయిందో డాక్టరు కచ్చితంగా చెప్పలేకపోయాడు. ఒక్కోసారి నిద్రలోనే అలా అవుతుందన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఎవరో వరండాలో కూర్చుని, పాలు పొరబోయి ఉంటాయన్నారు. ఇందు పడుకున్న గది కిటికీ తెరిచే ఉంది. ఆ తర్వాత ఆ పిల్ల నోరు విప్పలేదు. ఆమె భర్త కన్నబాబు రెండు పూటలు గోడకు ఆనుకుని కూర్చుని, డ్యూటీ ఉందని గాజువాక వెళ్ళిపోయాడు.

పాలు మాత్రం వేళకు వస్తూనే ఉన్నాయి. జాకెట్టు తడిసి, ఆరి, అట్టకట్టేది. పాలు ఆగడానికి ఇచ్చిన మాత్రలు మింగిందనే అనుకున్నాను. దుప్పటి మార్చబోతే అన్నీ దిండు కింద దొరికాయి. ఈ పొద్దుటికి జ్వరం నూటమూడు. రొమ్ములు రాయిలా గట్టిపడి, పైటచెంగు తగిలినా ఉలిక్కిపడుతోంది. చీము పడితే కోయాల్సి వస్తుందని, ముందు ఆ గడ్డలు కరిగేలా చూడమని ఆసుపత్రి నర్సు ఫోనులో చెప్పింది.

పూలు పళ్ళెంలో పోసి, పాత పంచె చింపి పట్టుకుని గదిలోకి వెళ్ళాను. మంచం దగ్గరకు రాకముందే వాసన తెలిసినట్టుంది. ఇటు తిరిగింది.

"అయి బారసాల పూలా వదినా?"

రెండు రోజుల తర్వాత ఆమె అన్న మొదటి మాట అది. కాదని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. నాకు తోచలేదు. అప్పలనర్సమ్మ దగ్గరవేనని చెప్పాను. ఇందు పళ్ళేన్ని చేత్తో నెట్టేసింది. పూలన్నీ నేల మీద పడ్డాయి. నేను కూర్చుని ఏరుతుంటే పైనుంచి అడిగింది.

"దాన్నెక్కడెట్టేరు?"

మా వైపు పసిపిల్లల్ని కాల్చరు. మగవాళ్ళే తీసుకెళ్ళి పాతిపెట్టి వస్తారు. ఎక్కడన్నది తల్లికి చెప్పరు. చెబితే ఆమె అక్కడికే తిరుగుతుందని, మళ్ళీ కడుపు పండదని అంటారు. పాపను మా ఆయన త్రినాధరావే ఎత్తుకెళ్ళాడు. ఎక్కడని నేనూ అడగలేదు. నాకు తెలియదనే చెప్పాను.

"అన్నయ్యనడుగు. నన్నొక్కసారి అక్కడికి తీసుకెళ్ళు. అక్కడ పాలు పిండీసి వచ్చేత్తాను. ఆ తరవాత నువ్వేటి కట్టినా కట్టించుకుంటాను. లేపోతే నన్ను ముట్టుకోకు."

మా ఆయన బెల్లం మార్కెట్టులో గుమాస్తా. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పెరట్లో చేతులు కడుక్కుంటుండగా అడిగాను. చెప్పకూడదన్నాడు. జ్వరం సంగతి, నర్సు చెప్పిన సంగతి చెప్పాను. ఆయన చెంబులో నీళ్ళు అయిపోయాక కూడా చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"సెప్పడానికి అక్కడేటున్నాది రాజీ?"

ఆ రోజు శారద ఏటిగట్టున గొయ్యి తీసి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేసి వచ్చారట. మర్నాడు మనసు ఊరుకోక, మార్కెట్టుకని చెప్పి పొద్దున్నే అటు వెళ్ళాడట. అప్పటికే జేసీబీ గట్టు మట్టి లాగి లారీలకు ఎత్తుతోంది. కంప ఒక పక్కన పడి ఉంది.

"నాలుగు లారీలు ఎల్లేవరకూ నించున్నాను. ఆపమని అడగలేదు. ఏటని అడుగుతాను?" "దానికి సెప్పకు," అన్నాడు.

అన్నం కలిపి, తినకుండా లేచి వెళ్ళిపోయాడు.

నాలుగు గంటలకు ఇందును ఆటో ఎక్కించాను. నా భుజం మీద వాలిన ఆమె నుదురు కాలిపోతోంది. గట్టు తవ్వుతున్న వైపుకి కాకుండా ఎగువకు పోనిమ్మన్నాను. దారి పొడవునా ముళ్ళకంప కోసం వెతుకుతున్నాను. చెరకు తోట దాటాక ఒక తాడిచెట్టు, దాని మొదట్లో చిన్న దిబ్బ, దాని మీద ఎవరో కొట్టి పడేసిన తుమ్మకంప కనిపించాయి. ఆటో ఆపించి, డ్రైవర్ని దూరంగా వెళ్ళి ఉండమన్నాను.

"ఇక్కడే," అన్నాను.

"అన్నయ్య సెప్పేడా?"

"సెప్పేడు. తాడిసెట్టు గుర్తన్నాడు."

వంపు అవతల జేసీబీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇందు అది పట్టించుకోలేదు. కూలబడి కంప లాగబోయింది. కుక్కలొస్తాయని చెయ్యి పట్టుకున్నాను. నేను దారికి అడ్డంగా కూర్చుని పైట చాపితే ఆమె హుక్కులు తీసుకుంది. మొదట చుక్క రాలేదు. నా అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకుని, గడ్డల చుట్టూ నేనే మెల్లగా నొక్కాల్సి వచ్చింది. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి సన్నటి ధార కంప మీద పడి, ముళ్ళ మధ్య నుంచి మట్టిలోకి ఇంకడం మొదలుపెట్టింది.

ఇందు చెంగు తీసి కిందికి వంగింది.

"మెల్లిగా తాగు. తొందరేటి లేదు. పొరబోకుండా మెల్లిగా తాగమ్మా."

నేను చెరకు తోట వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక అన్నమాట ప్రకారం కట్టించుకుంది. ఏరి పెట్టిన పూలు రెండు వైపులా పరిచి పంచె గుడ్డతో బిగించాను. మాత్ర నా ఎదురుగానే మింగింది. తెల్లారి కట్టు విప్పితే పూలు గోధుమరంగుకు మాడి, ఉడికినట్టు ఒంటికి అంటుకుని ఉన్నాయి. గడ్డలు కొంచెం మెత్తబడ్డాయి. జ్వరం నూటొకటికి దిగింది.

ఆ పొద్దున్నే అప్పలనర్సమ్మ రెండు కిలోలూ తెచ్చి, గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అందులోంచే దోసెడు తీసి కొత్త కట్టు వేశాను. ముడి వేస్తుంటే ఇందు నా మణికట్టు పట్టుకుంది.

"జ్వరం తగ్గేక మళ్ళీ ఆ తాడిసెట్టు కాడికెల్దాం వదినా. వారం వారం ఎల్దాం. పాలు లేపోతే ఆ కంప మీద నీళ్ళయినా పోసొత్తాను."

అలాగేనన్నాను. తలెత్తితే మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కొంతసేపటికి పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. కంప కొట్టే కత్తి గోనెసంచిలో చుట్టి బండికి కట్టుకుంటున్నాడు. పాత కంప ఎవరైనా పొయ్యిలోకి పట్టుకుపోతే ఆనవాలు ఉండదని, దాని మీద పచ్చికంప ఇంకొంత వేసి వస్తానని అన్నాడు. బండి స్టార్టు చేయకుండానే వీధి వరకూ నడిపించుకెళ్ళాడు. అక్కడ ఆగి, ఇందు గది కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించి నన్నడిగాడు.

"ఏ తాడిసెట్టు?"