నారింజ వాసన పొడి

"తాగినావా?"

పొద్దున లేచాక మా అత్త సిద్దమ్మ నన్ను అడిగే మొదటి మాట ఇది. కుందుర్పి చుట్టుపక్కల ఏ గడప తొక్కినా, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆడమనిషి అయినా ముందుగా అడిగేది 'తిన్నావా' అనే. నా కడుపులో బిడ్డ ఎదగడం లేదని స్కానింగులో తేలిన రోజు నుంచి, నా ఒక్కదాని విషయంలో ఆ మాట మారిపోయింది. ప్యాకెట్టు చింపి, నారింజ వాసన వేసే పొడిని గ్లాసుడు నీళ్ళలో కలిపి నేను గుటకలు మింగుతుంటే అత్త నిలబడి చూస్తుంది. గ్లాసు అడుగు కనిపించాక గానీ కదలదు. కాస్త పొద్దెక్కాక నా భర్త తిప్పేష్, కళ్యాణదుర్గంలో తాను పనిచేసే బైకుల షోరూం నుంచి ఫోన్ చేస్తాడు. "ఏమే గంగా, తాగినావా?" తాగినా అంటాను. "సరే" అని పెట్టేస్తాడు. ఆ ఒక్క మాటతో ఆ రోజుకు అతను మంచి భర్త అయిపోతాడు. అంత సులభంగా మంచివాళ్ళు కాగలిగే మనుషులను చూస్తే మొదట్లో నాకు అసూయగా ఉండేది. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు డాక్టరమ్మ గదిలో మేం ముగ్గురమూ ఉన్నాం. ఆమె చెప్పిన మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. "బిడ్డ బరువు నెలలకు తగ్గట్టు లేదు. ఈమె తిండి పెరగాలి. గుడ్లు, పప్పు, పాలు తినాలి. వేరుశనగ పండించే వాళ్ళు మీరు, ఆ గింజలు రోజూ గుప్పెడు తినాలి. బరువులు ఎత్తకూడదు. మధ్యాహ్నం ఎడమవైపు తిరిగి పడుకోవాలి. వీటికి తోడుగా ఒక పౌడర్ రాస్తున్నా. అమైనో ఆమ్లం. రక్తనాళాలు కాస్త వెడల్పయి బిడ్డకు రక్తం బాగా అందొచ్చు. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను."

ముగ్గురమూ విన్నాం. బయటికి వచ్చేసరికి వాళ్ళిద్దరి చెవుల్లో మిగిలింది పౌడర్ ఒక్కటే. నేను చాలా రోజులు ఆలోచించాను, అదెలా సాధ్యమని. వాళ్ళు అబద్ధాలు ఆడే మనుషులు కారు. తనకు పని పెట్టే మాటను మనిషి చెవి లోపలికి రానివ్వదు, అంతే. నేను పడుకోవాలంటే ఆ సేపు ఇంకెవరో నిలబడాలి. నేను బిందె ఎత్తకూడదంటే ఆ బిందె ఇంకొకరి నడుం మీదికి ఎక్కాలి. నేను తినాలంటే గిన్నెలో ఇంకొకరి వాటా తగ్గాలి. పొడికి ఆ బాధ లేదు. మందుల షాపులో దొరుకుతుంది, పెట్టెలో వస్తుంది, దాన్ని మింగే నోరు కూడా నాదే.

మింగాను. మింగిన దాని ఫలితం కూడా నాకే వచ్చింది. కడుపు డోలులా ఉబ్బేది. గర్భం ఒక పక్క, ఈ ఉబ్బరం ఒక పక్క, లోపల బిడ్డకు చోటు లేదేమోనని భయపడేదాన్ని. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. మా మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. నీళ్ళు వీధిలో డ్రమ్ముల్లో. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకునేదీ నేనే, అక్కడినుంచి బకెట్టు మోసుకుని పెరటికి వెళ్ళేదీ నేనే. అత్త వసారాలో కూర్చుని చూసేది. "నీళ్ళు అట్ల పారబోస్తే ఎట్లమ్మా, ట్యాంకరు ఈపొద్దు రాదు, రేపూ రాదు. కొంచిం ఓర్సుకో." విరేచనాలను ఎలా ఓర్చుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు. తల తిరుగుతోందని, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని చెప్తే ఆమె మొహం విప్పారింది. "పొడి లోపల పని చేస్తాండాది. మందు పట్టుకుంటే అట్లనే ఉంటాది" అంది. నా బాధ కూడా నాది కాకుండా పోయింది. అది పొడి పని చేస్తోందనడానికి ఆనవాలు అయింది.

మనుషులు నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడడం మానేశారని నేను కనిపెట్టింది ఆ రోజుల్లోనే. మాట నాతో, చూపు పొట్టతో. బియ్యం డబ్బాతో ఎవరూ మాట్లాడరు, మూత తీసి లోపల ఎంతుందో చూస్తారు. పెళ్ళికి ముందు కుందుర్పిలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలు చెయ్యెత్తి 'టీచర్' అని పిలిస్తే, ఆ పిలుపులో నేనెవరో నాకు తెలిసేది. ఇక్కడ నన్ను నేను డబ్బాలాగే చూసుకోవడం మొదలుపెట్టాను. బిడ్డ ఎదగకపోతే డబ్బాదే తప్పు. నా కోపానికి చాలాకాలం పేరు లేదు. అది వచ్చినప్పుడల్లా నీరసం అనుకున్నాను.

అదే సమయానికి విత్తనం పని వచ్చింది. వాన పడగానే విత్తడానికి వేరుశనగ కాయలు ముందే ఒలిచి పెట్టుకోవాలి. మిషనుకు వేస్తే గింజ పైపొర చిట్లుతుంది, అలాంటి గింజ మొలవదని మా మామ నల్లప్ప ఒప్పుకోడు. చేతులతోనే ఒలవాలి. అంటే ఆడవాళ్ళ చేతులతో. పొద్దున వంట కాగానే వసారాలో గోనెసంచి ముందు కూర్చుంటే పొద్దు వాలేదాకా ఒలుస్తూనే ఉండాలి. బొటనవేళ్ళ చివర్లు వాచి చెమ్చా కూడా పట్టుకోలేను. గింజలు చాటలో ఎర్రగా, నున్నగా మెరుస్తుంటాయి. ఒకసారి ఆకలికి తట్టుకోలేక రెండు గింజలు నోట్లో వేసుకున్నాను. అత్త చెయ్యి పట్టుకుంది. "మే, ఇత్తనానికి పెట్టినేటివి తింటారా యాడన్నా? దానికితోడు కడుపుతో ఉండావు. శెనక్కాయలు పిత్తం చేస్తాయి."

"డాక్టరమ్మ తినమనింది కదత్తా."

"ఆయమ్మకేం తెలుసు, ఆయమ్మేమన్నా బిడ్డల్ని కన్నదా? నేను ముగ్గుర్ని కన్నా. పొడి తాగుతాండావు కదా, సాలు."

నోట్లోవి ఉమ్మేశాను. ఆ ఉమ్మిన క్షణం నాకు ఇప్పటికీ అసహ్యం. ఆమె నన్ను బలవంతం చేయలేదు, నా చెయ్యి మాత్రమే పట్టుకుంది. ఉమ్మింది నేను.

ఇక తిప్పేష్. రోజూ పొద్దున్నే కళ్యాణదుర్గం జిమ్ముకు వెళ్తాడు. అతనికీ ఒక పొడి ఉంది, చాక్లెట్ వాసన వేసే పెద్ద డబ్బా. అది తాగే ముందు నేను అరడజను గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, పచ్చసొన వేరు చేసి, తెల్లసొన తట్టలో పెట్టాలి. పచ్చసొనలు సాయంత్రం మగవాళ్ళ కూరలోకి వెళ్తాయి. గుడ్డు నాకు వేడి చేస్తుందని అత్త తీర్పు. ఆదివారాలు మధ్యాహ్నం అతను పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు, నిద్రలోనే కండ పెరుగుతుందట.

ఒకరోజు అతను గుడ్లు తింటూ ఫోన్లో ఎవరో స్నేహితుడికి చెప్తున్నాడు. నేను పక్కనే పెంకు తీస్తున్నాను. "రేయ్, పౌడరు ఒక్కటే తాగితే కండ రాదప్పా. దుడ్లు దండగ. తిండి ఉండాల, నిద్ర ఉండాల. ఆ రెండూ ల్యాకుంటే పౌడరు ఉచ్చలో పోతాది. మా కోచ్ మొదటిరోజే చెప్పినాడు."

నా వేళ్ళ మధ్య గుడ్డు చితికిపోయింది.

"చూసి తియ్యవే" అన్నాడు, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

అంటే అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ నేను అతని తెలియనితనాన్ని సాకుగా పెట్టుకుని బతుకుతున్నాను. పాపం తెలియదు, ఎవరూ చెప్పలేదు, చదువుకున్నది ఇంటరే. ఆ పాపం అనే మాటను కప్పుకుని అతని పక్కన పడుకునేదాన్ని. అతనికి తెలుసు. తన శరీరానికి ఏం కావాలో పూర్తిగా తెలుసు. ఆ తెలివి అతని తట్ట దాటి నా వైపు రాలేదు.

మూడో నాడు డ్రమ్ము దగ్గర బకెట్టు ఎత్తుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి వీధి మట్టిలో ఉన్నాను. ఎదురింటి సువార్తక్క నా తల ఒడిలో పెట్టుకుని అరుస్తోంది. "సిద్దమ్మక్కా, నీ కోడల్ని సంపుకుంటారా ఏమి? ఈ బకెట్టు నువ్వు ఎత్తకూడదా?" అత్త పరుగున వచ్చి ముందు నా పొట్ట తడిమింది.

మళ్ళీ అదే డాక్టరమ్మ, అదే గది. బీపీ బాగా పడిపోయిందంది. స్కానింగులో బిడ్డ పెరిగింది లెక్కలోకి రానంత. తిప్పేష్ కుర్చీలో ముందుకు వంగాడు. "మేడమ్, ఈ పొడి పనిచేసేలాగ లేదు. ఇంకా పవర్ ఉండేది రాయండి. రేటు ఎంతయినా పర్వాల్యా."

"ఏం తింటోంది ఈమె? మధ్యాహ్నం పడుకుంటోందా?" డాక్టరమ్మ నన్ను చూసి అడిగింది.

"అంతా బాగా తింటాది మేడమ్. పొడి ఒక్కపూట కూడా వదల్లేదు" అన్నాడు తిప్పేష్.

ప్రశ్న నాకు, జవాబు అతనిది. అతను నా నోటితో మాట్లాడుతుంటే నా లోపల ఏదో లేచి నిలబడింది. ఆశ్చర్యంగా, ఈసారి కళ్ళు బైర్లు కమ్మలేదు.

"నేను తినను మేడమ్" అన్నాను. "నాకు రాగిసంగటి, పులుసు. గుడ్లు ఈయనకు. శెనక్కాయలు ఇత్తనానికి. పగలు పడుకునేది ఈయన, ఆదివారం. బకెట్లు మోసేది నేను. పొడి మాత్రం నాకే. పౌడరు ఒక్కటే తాగితే కండ రాదు, తిండి, నిద్ర ల్యాకుంటే ఉచ్చలో పోతాది. ఇది నా మాట కాదు మేడమ్, ఈయన మాట."

డాక్టరమ్మ అతని చేతుల వైపు, బిగుతు చొక్కాలోంచి ఉబికిన కండల వైపు ఒకసారి చూసింది. తర్వాత నాతోనే మాట్లాడింది. ఆ పొడి కొందరికి బీపీని తగ్గిస్తుందని, విరేచనాలు తెస్తుందని, అలా అయితే వెంటనే వచ్చి చెప్పాల్సిందని. పొడి ఆపేయమంది. తిండి, పడక. వచ్చే స్కానింగుకు బిడ్డ పెరగకపోతే పెద్దాసుపత్రిలో చేరాలి, నెలలు నిండకముందే బిడ్డను తీయాల్సి రావచ్చు. "అర్థమైందా?" అంది. అయిందన్నాను.

తిరిగి వస్తూ తిప్పేష్ ఊరి పొలిమేరలో బండి ఆపాడు. వెనక్కి తిరక్కుండా అన్నాడు. "ఆడ అంతమంది ముందర నా పరువు తీస్తివి కదే."

అంతమంది అంటే డాక్టరమ్మ, ఒక నర్సు. బిడ్డ సంగతి అతను ఎత్తలేదు. నేను గమనించాను. గమనించినట్టు అతనికి తెలియాలని, "బిడ్డ గురించి అడగవా?" అన్నాను. బండి స్టార్ట్ చేశాడు.

సాయంత్రం అతను జిమ్ము నుంచి ఒక కొత్త డబ్బా తెచ్చాడు. డబ్బా మీద కండలు తిరిగిన మగవాడి బొమ్మ. "మా కోచ్ ఇచ్చినాడు. ఇది కూడా అమైనోనే. దానికంటే పవరు. ఆ డాక్టరమ్మకు ఏం తెల్దు" అని వాళ్ళమ్మ చేతికిచ్చాడు. అత్త దాన్ని కళ్ళకద్దుకుంది. అనాల్సింది ఆ గదిలో అనేశాను. రెండోసారి అంటే అది బతిమాలడం అవుతుంది.

మరుసటి రోజు పొద్దున ఆకాశం మబ్బు పట్టింది. మామ వసారాలోకి వచ్చి, సగం కూడా ఒలవని సంచి చూసి, "ఇత్తనం కాలేదా ఇంగా? వాన పడేలాగుండాది" అని గొణిగి పొలానికి వెళ్ళాడు. నేను గుడ్లు ఉడకబెట్టాను, పెంకు తీశాను, పచ్చసొన వేరు చేయకుండా కూర్చుని తిన్నాను. మూడోది తింటుండగా తిప్పేష్ తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నా గుడ్లేవే?"

"పచ్చి గుడ్లు డబ్బాలో ఉండాయి. నీళ్ళు డ్రమ్ములో ఉండాయి. పొయ్యి ఈడ ఉండాది."

అతను నన్ను చూశాడు. చాలా రోజుల తర్వాత మొహం చూశాడు, పొట్టను కాదు. వాళ్ళమ్మ కోసం చుట్టూ చూసి, తువ్వాలు మంచం మీద విసిరేసి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. భయం పోయిందని చెప్పను. అది నా పక్కనే కూర్చుని నేను తినేది చూసింది.

మధ్యాహ్నం వసారా దాకా వెళ్ళి, నేను ఒలిచిన గింజల చాట లోపలికి తెచ్చుకున్నాను. తిప్పేష్ మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకున్నాను. చాట పక్కన పెట్టుకున్నాను. గుప్పెడు తీసి నమిలితే పచ్చి గింజల పాలు నాలుకంతా నిండాయి. ఇవి నా వేళ్ళు వాచేలా ఒలిచిన గింజలు. విత్తడానికి ఇంకా సంచులున్నాయి, ఒలవడానికి ఇంకా చేతులున్నాయి ఈ ఇంట్లో. లోపల బిడ్డ మెల్లగా పక్కకు జరిగింది. నీ కోసమే తింటున్నానని చెప్పుకోవాలనిపించింది. చెప్పలేదు. ఆకలి నాది.

వంటింట్లో గ్లాసులో చెమ్చా తిరుగుతున్న చప్పుడు. అది తలుపు దాకా వచ్చి ఆగింది.

"మే గంగా, పొద్దున కలిపి పెట్టింది అట్లనే ఉండాది. మళ్ళా కలుపుకొచ్చినా. తాగినావా ల్యాదా?"

నేను అటు తిరగలేదు. ఇంకో గుప్పెడు తీసుకున్నాను.

"తింటాండా అత్తా."