బల్లకొండ మీద అరచెయ్యి

పొద్దున్నే కొండ కింది ఆఫీసు తలుపు తీయగానే దారులక్క చేసే మొదటి పని కిటికీలు తెరవడం, రెండోది బల్లకొండ మీద దుమ్ము దులపడం. మెత్తటి కుంచెతో శిఖరాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా లోయల్లోకి దిగేది. ఆ తర్వాతే టీ.

బల్లకొండ అంటే గది మధ్యలో పెద్ద బల్ల మీద ప్లాస్టర్‌తో పోసిన నమూనా. ఊరి వెనకాల ఉన్న మూడు శిఖరాలూ, వాటి మధ్య లోయలూ, వాగూ, అడవీ అన్నీ అందులో ఉన్నాయి. ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేదు. అసలు కొండ మీద మనిషి ఎక్కడ నడుస్తుంటే బల్లకొండ మీద సరిగ్గా అక్కడ వెచ్చగా ఉండేది, చంటిపిల్ల నుదురంత వెచ్చగా. మనిషి ముందుకు పోతే ఆ వెచ్చదనమూ ముందుకు పోయేది. మధ్యాహ్నాలు ఊళ్ళో ఆడవాళ్ళు సంచులతో వచ్చి, వేలితో ఒకసారి తాకి, "ఇంకా అడవి కూడా దాటలేదు మహానుభావుడు" అనుకుంటూ తీరిగ్గా ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించేవారు. కొత్తగా వచ్చిన పై అధికారి కూడా బల్లకొండ గురించి అడిగింది ఒక్కటే: ఇంతమంది తాకితే రంగు పోదా, మళ్ళీ ఎప్పుడు వేయించాలి అని.

తాకడానికో పద్ధతి ఉంది. వేలి వెనకవైపు అలా ఆనించి ఇలా తీసేయాలి. అరచెయ్యి పెట్టకూడదు. మన ఒంటి వేడి ప్లాస్టర్‌కి ఎక్కిందంటే పైనున్న మనిషి ఎక్కడున్నాడో ఇక తెలియదు. ఆ మాట గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా ఊరుకునేవాళ్ళెవరు? దారులక్క ఎన్ని చేతుల మీద కొట్టి ఉంటుందో లెక్కలేదు.

ఆమె అసలు పని దారులు చెప్పడం. అందుకే ఆ పేరు. కొండెక్కడానికి వచ్చినవాళ్ళు ఏ దారి మంచిదని అడిగితే, ముందు వాళ్ళ చెప్పులు చూసేది, తర్వాత పొట్ట చూసేది, అప్పుడు నోరు విప్పేది. పెద్ద శిఖరానికి గట్టు దారి. దగ్గరే, కానీ గాలి ఈడ్చి కొడుతుంది, చుక్క నీళ్ళు దొరకవు. నడిపిదానికి అడవి దారి. నీడకు లోటు లేదు, జలగలకూ లోటు లేదు, పైకెళ్ళేదాకా చెట్లు తప్ప ఇంకేమీ కనపడదు. కడగొట్టుదానికి వాగు దారి. చిన్న శిఖరం, ఎక్కుడు తక్కువ, సగం దూరం పక్కనే నీళ్ళు. పైగా వాగు దాటాక, శిఖరానికి కాస్త కింద ఒక చోటు ఉంది. ఎంత హడావిడి మనిషైనా అక్కడికి వెళ్ళాక చాలాసేపు ఆగిపోతాడు. అక్కణ్ణుంచి ఏం కనపడుతుందో ఏమో గానీ కదలబుద్ధి కాదు అని చెప్పి, తనే చూసొచ్చినట్టు మురిసిపోయేది.

నిజానికి ఆమె ఏ శిఖరమూ ఎక్కలేదు. చిన్నప్పుడు విరిగిన మోకాలు సరిగ్గా అతుక్కోలేదు. ఆఫీసు మెట్లెక్కేసరికే తల ప్రాణం తోకకొచ్చేది. దారుల గురించి ఆమెకు తెలిసిందంతా దిగొచ్చినవాళ్ళ నోట విన్నది, లేదంటే వేలితో తెలుసుకున్నదే. వెచ్చదనం ఎక్కడ గబగబా జారితే అక్కడ దిగుడు. ఎక్కడ నత్తలా పాకితే అక్కడ ఎక్కుడు. ఎక్కడ ఆగితే అక్కడ కూర్చోవడానికి బాగుంటుంది. వాగు దారిలో ఆ చోట అందరూ ఆగేవారు. దిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "చాలా బాగుందక్కా" అనేవారు. ఇంకేం కావాలి?

దారులక్కకు ఒక్కడే తమ్ముడు. కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ఎత్తంటే వాడికి చచ్చేంత భయం. ఇంట్లో బల్బు మార్చాలంటే భార్య స్టూలెక్కాల్సిందే, ఇతగాడు స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. బజారంతా ఆ విషయం చెప్పుకుని నవ్వేది, అతనూ నవ్వేవాడు. నవ్వీ నవ్వీ విసుగెత్తిందేమో, ఒకరోజు పొద్దున్నే కొత్త బూట్లేసుకుని ఆఫీసుకొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"అక్కా, అన్నిటికన్నా భయం లేని దారేది?"

ఆమెకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది, ఎందుకో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని తిరిగింది తనే. మూడు దారులూ ఎవరికీ చెప్పనంత వివరంగా చెప్పింది. గట్టు దారి కుదరదు, రెండు పక్కలా లోయ కనపడుతుంది. అడవి దారిలో చివరి ఎక్కుడు నిలువుగా ఉంటుందట. చివరికి, "కడగొట్టుదానికి వెళ్ళు నాన్నా. వాగు దాటాక ఆ చోట కూర్చుని డబ్బా విప్పుకుని తిను. ఎంతసేపైనా కూర్చో, ఏం తొందర లేదు" అంది. వెళ్తున్నవాణ్ణి వెనక్కి పిలిచి కాలర్ కూడా సరిచేసింది.

ఆ పూట ఆమెకు పని మీద మనసు నిలవలేదు. వచ్చినవాళ్ళకు జవాబు చెబుతూనే మధ్యమధ్యలో వేలు ఆనించి చూసేది. వాగు వెంట నడుస్తున్నాడు. వాగు దాటాడు. ఆ చోటికి చేరాడు, ఆగాడు. "కూర్చున్నాడు" అని గదంతా వినపడేలా చెప్పింది. గదిలో ఉన్నది ముగ్గురు: ఉత్తరాలు తెచ్చిన పోస్ట్‌మన్, కబుర్ల కోసం వచ్చిన టైలరు, టీకి బిస్కెట్లు తెచ్చిన బేకరీ ఆయన. ముగ్గురూ తలలూపారు గానీ ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం దాటింది. వెచ్చదనం అక్కడే ఉంది. కిటికీలోంచి చూస్తే కడగొట్టుదాని తల మీదికి మబ్బు దిగుతోంది. మిగతా దారుల్లో ఉన్నవాళ్ళంతా గబగబా దిగొచ్చేస్తున్నారు. తిని నిద్రపోయి ఉంటాడు మొద్దు అని ఆమె తనకు తానే చెప్పుకుంది.

పోస్ట్‌మన్ ఉత్తరాల సంచి పక్కన పెట్టాడు. "అక్కా, అక్కడ నిద్రపోవడానికుండదు" అన్నాడు చివరికి.

"అంటే?"

"కూర్చోడానికే ఉండదు. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ ఉండదు. పాదం పట్టేంత చోటు. మలుపు తిరిగేదాకా తెలియదు. తెలిశాక ముందుకూ పోలేం, వెనక్కీ తిరగలేం."

మరి పోయినేడు నువ్వు వెళ్ళినప్పుడు అంతసేపు అక్కడేం చేశావని అడిగింది. బండను కౌగిలించుకుని ఏడ్చానన్నాడు. చాలా బాగుందన్నావు కదా అంటే, దిగొచ్చినవాడు ఇంకేమంటాడక్కా అన్నాడు. టైలరు తల దించుకున్నాడు. బేకరీ ఆయన తేలు కుట్టిన దొంగలా లేచి, ఎవరూ అడక్కుండానే టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ముగ్గురూ ఆ బండకు అతుక్కుని ఏడ్చినవాళ్ళే, ఒకరికి తెలియకుండా ఒకరు. పరువు కోసం ఊరు ఊరంతా బాగుందని చెప్పింది. ఆమె ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చివరికి ఎత్తంటే భయపడే తమ్ముడికీ చెప్పింది.

కొండ మీద చిక్కుకున్నవాళ్ళను దించే బృందానికి కబురెళ్ళింది. వాళ్ళ పెద్ద వచ్చి, బల్లకొండను తాకి చూసి, కిటికీలోంచి మబ్బును చూసి, తెచ్చిన తాళ్ళు నేల మీద పెట్టేశాడు. మబ్బు విడిస్తే గానీ ఆ అంచు మీదికి ఎవర్నీ పంపలేనన్నాడు. దారులక్క తిట్టింది, బతిమాలింది, కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడు. ఇంకో ఇంటి మనిషిని కూడా పోగొట్టుకోమంటావా అమ్మా అని మాత్రం అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

మళ్ళీ వేలు ఆనించింది. ఇందాకటి కన్నా తక్కువగా ఉంది. టీ తాగేసి పక్కన పెట్టిన గ్లాసులా, ఉండీ లేనట్టు ఉంది వెచ్చదనం. తన వేలి కిందే ఉన్నాడు. పిలిస్తే వినపడదు. దుప్పటి కప్పితే అందదు. ఇన్నేళ్ళుగా ఈ బల్ల మీద ఆమె చూస్తూ వచ్చింది ఎవరు ఎక్కడున్నారని మాత్రమే. ఎలా ఉన్నారో ఎన్నడూ చూడలేదు. గోడ మీద రాత వైపు ఒకసారి చూసింది. తర్వాత అరచెయ్యి మొత్తం తెచ్చి కడగొట్టుదాని భుజం మీద పరిచింది.

"తియ్యక్కా. ఉన్నాడో లేడో ఇక తెలియదు" అన్నాడు పోస్ట్‌మన్.

"తెలిసి ఏం చేస్తున్నాం?" అంది ఆమె.

చీకటి పడే వేళకు మరదలు వచ్చింది. లాండ్రీలో పనిచేస్తుంది, చేతులింకా తడిగానే ఉన్నాయి. ఎవరో దారిలో చెప్పారట, పరుగెత్తుకొచ్చింది. బల్ల దగ్గరికొచ్చి వదిన చేతిని చూసింది.

"చెయ్యి తీ వదినా. ఉన్నాడో లేడో నన్ను చూసుకోనీ."

తియ్యకూడదనిపించింది. కానీ ఆ మనిషి భార్య ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఏ మొహం పెట్టుకుని కాదంటుంది? తీసింది. మరదలు ఆత్రంగా వేలు ఆనించింది. "వెచ్చగానే ఉంది" అంది. "ఉన్నాడు వదినా, ఉన్నాడు." అంటూ నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. ఆ వెచ్చదనం తమ్ముడిదో, తన అరచేతిదో దారులక్కకు తెలియదు. మరదలు తల నిమిరి, ఉన్నాడమ్మా అంది. మళ్ళీ చెయ్యి పరిచింది.

ఆ రాత్రి ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. చెయ్యి తిమ్మిరెక్కి, తర్వాత నొప్పెట్టి, తర్వాత ఆ నొప్పీ తెలియకుండా పోయింది. ఏమైనా ఉపయోగం ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. తెల్లారి మబ్బు విడిచింది. బృందం వెళ్ళి తమ్ముణ్ణి తాళ్ళతో దించి తెచ్చింది.

పెదాలు నల్లబడ్డాయి, వేళ్ళు వంగడం లేదు, కానీ మాట్లాడుతున్నాడు. మొదట బండ మంచులా ఉండేదట. చేతులు పట్టు తప్పుతుంటే ఇక అయిపోయిందనుకున్నాడట.

"తర్వాత వీపు వెనక బండ వెచ్చబడిందక్కా. ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టు. నిలబడిపోయాను. చీకటి పడుతుంటే మాత్రం ఒకసారి చల్లబడింది. ఇక లాభం లేదు, ఎలాగోలా దిగిపోదామని ఒక కాలు బయటికి పెట్టాను. అంతలో మళ్ళీ వెచ్చబడింది."

వదినా మరదళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పటికీ ఆ సంగతి వాళ్ళ మధ్య మాటల్లోకి రాలేదు.

దారులక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇప్పుడు వాగు దారి గురించి అడిగితే, అక్కడొక చోట భయమేస్తుంది, అందరికీ వేస్తుంది, ఏడ్చినా ఫర్వాలేదు అని చెబుతుంది. అయినా వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. గట్టు దారిలో ఒక వెచ్చదనం ఆగిపోతుంది. అడవి దారిలో ఇంకొకటి ఆగిపోతుంది. వాగు దారిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆగే ఉంటారు. ఎవరు కూర్చుని తింటున్నారో, ఎవరు బండను పట్టుకుని వణుకుతున్నారో వేలికి తెలియదు. ఒకచోట కుడి అరచెయ్యి పరుస్తుంది, ఇంకోచోట ఎడమది. మూడోచోట పెట్టడానికి ఆమె దగ్గర చెయ్యి లేదు. ఆ మూడో మనిషి వైపు చూస్తూ కూర్చుంటుంది, అంతే. టీ చల్లారిపోతుంది. ఇంటికెళ్ళే వేళ దాటిపోతుంది.

సాయంత్రం తమ్ముడు కొట్టు కట్టేసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వస్తాడు. పదక్కా, పొద్దుపోయింది అంటాడు. ఆమె లేవదు. రెండు చేతులూ బల్ల మీదే ఉంచి తలెత్తి చూస్తుంది.

"నీ చేతులు ఖాళీయేనా?"

అతను సంచి కింద పెట్టి, మిషన్ నూనె మరకలు చొక్కాకు తుడుచుకుని, గట్టు దారి మీద ఆగిపోయిన ఎవరో తెలియని మనిషి మీద అరచెయ్యి పరుస్తాడు. ఎత్తంటే ఇప్పటికీ భయమే, అందుకని కళ్ళు మూసుకుంటాడు.