పుస్తకంలో లేని ఎరుపు

ఎంగిలి చేత్తో కాకిని తోలని మామయ్య, నలభై ఒక్క పుస్తకాలనూ తనంతట తానే మోసుకొచ్చి స్కానర్ పక్కన పెట్టినప్పుడే మేనకోడలికి అనుమానం వచ్చింది.

ఆయన ఆ గాజు కార్ఖానాకు ఆఖరి మేస్త్రీ. ఏ గాజుకు ఏం కలపాలో నాలుగు తరాల మేస్త్రీలు చేత్తో రాసుకున్న పుస్తకాలవి. వాటిని పేజీ పేజీ స్కాన్ చేసి మ్యూజియం వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఇవాళ సాయంత్రం ఐదింటికి కార్ఖానా గ్యాస్ కనెక్షన్ తీసేస్తారు. ఆ తర్వాత కొలిమి ఉండదు. ఆ వంశం ఎర్రగాజు ఎలా పుట్టేదో ఇక ఆ పుస్తకాలే చెప్పాలి.

అందుకే ఆమె ముందురోజే ఎర్రగాజు పేజీ తెరిచి ఇసుక, సోడా, సున్నం, నాలుగు చుక్కల బంగారపు ద్రావణం రాసినట్టే కలిపి, గాజు కరిగించే చిన్న మట్టి మూసలో పోసి కొలిమిలో పెట్టింది. ఇవాళ మూడింటికి ఇనప గొట్టం చివర కరిగిన ముద్ద తీసి చల్లార్చి చూస్తే మంచినీళ్లలా ఉంది.

“మామయ్యా, ఏంటిది?”

“గాజు.”

“ఎర్రగాజు పేజీ చూసే చేశాను.”

“బాగానే చేశావే. ఎదురు కార్ఖానా వాళ్లూ ఇలాగే చేశారు. మా నాన్న హయాంలో ఆ పేజీ కాజేసి, యాభై ఏళ్లు తంటాలు పడి, చివరికి మందు సీసాలు చేసుకుని బతికారు పాపం!”

“అంటే మనవాళ్లు అబద్ధం రాశారా?”

“ఛ! మన వంశంలో అబద్ధం రాసే అలవాటు లేదు. మొత్తం రాసే అలవాటూ లేదు.”

ఆమె కాళ్లావేళ్లా పడింది. రాయని ఆ కిటుకు తనతోనే పోతుందని చెప్పి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. గడియారం నాలుగు దాటింది.

బతిమాలితే లాభం లేదని ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

“సరే, ఇలాగే ఎక్కిస్తున్నా. పేజీ పక్కన ఈ ముద్ద ఫొటో, కింద నీ పేరు. ‘సుప్రసిద్ధ ఎర్రగాజు.’”

“అది ఎర్రగా లేదు కదే!”

“చూసేవాళ్లకి కళ్లుంటాయిగా. మేస్త్రీ ఉత్త కోతలరాయుడని వాళ్లే అనుకుంటారు.”

“ఎవరనుకునేది?”

“లోకమంతా. ముందుగా ఎదురు కార్ఖానా వాళ్ల మనవడు. నిన్ననే లింకు అడిగాడు.”

మామయ్య కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

“ఆ గొట్టం ఇటు తే!”

మూసలోంచి కొత్త ముద్ద తీశాడు. దాని వేడి వెలుగు ఆరేదాకా బయటే తిప్పుతూ నిలబడ్డాడు.

“నీళ్లలా ఉందా? వాళ్లు ఇక్కడే ఏడ్చి పారబోసుకున్నారు.” ముద్దను మళ్లీ మంటలోకి దూర్చాడు. “రంగు మొదటి మంటలో పడుకుంటుంది. రెండో మంటలో లేస్తుంది. నెమ్మదిగా వంద అంకెలు లెక్కపెట్టు. నూటొకటి అన్నావో, నల్లబడి చస్తుంది.”

అరవై దగ్గర ముద్ద లోపల గులాబీ రంగు పొడుచుకొచ్చింది. తొంభైకి ముదిరింది. వందకు గొట్టం బయటికి లాగేసరికి దానిమ్మ గింజ జామకాయంత పెరిగి వేలాడుతున్నట్టుంది. 

అప్పుడు చూశాడాయన, స్కానర్‌కు ఆనించి నిలబెట్టిన ఫోన్‌ని.

“అది... రికార్డవుతోందా?”

“అవుతోంది మామయ్యా.”

గొట్టం నేలకేసి కొడతాడేమోనని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన తల వంచి తన చిరుగుల బనియన్ చూసుకున్నాడు.

“సిగ్గులేనిదానా, చొక్కా వేసుకోమని చెప్పొద్దూ! ఆపు ముందు. మొదట్నుంచీ మళ్లీ చేస్తాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.”