తొమ్మిది వడ్డనల ప్యాకెట్టు

ప్రెస్సులో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా అన్నా ఆయనకు కోపం రాదు, పైగా ఏదో బిరుదు ఇచ్చినట్టు ముసిముసిగా నవ్వుకుంటాడు. తినుబండారాల ప్యాకెట్లకు లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సు అది. ఇరవై ఏడేళ్లుగా ఆయన పని ఒకటే. చిప్సయినా, బిస్కట్లయినా, వేయించిన గింజలైనా, ప్యాకెట్టు మీద పడబోయే ప్రతి అక్షరాన్నీ, ప్రతి చుక్కనీ ముందుగా చూసి, తప్పులు దిద్ది, అడుగున సంతకం పెట్టడం. ఆ సంతకం పడితేనే మెషిను తిరుగుతుంది.

ఎదురు కుర్చీలో కూర్చుని మూలప్రతిని పైకి చదివేవాడు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. మూడు మెషిన్ల మోతలో కూడా వినిపించే గొంతు కాబట్టి అతనికి మైకు అని పేరు. అతను చదువుతూంటే ఈయన ప్రూఫు మీద పెన్సిలు జరుపుకుంటూ పోతాడు. బావా బావమరుదులు ఒకే గదిలో పదకొండేళ్లు కూర్చుని ఇంకా మాట్లాడుకుంటున్నారంటే అది ఆ ఉద్యోగం చలవే. పొద్దస్తమానం బిస్కట్ల గురించే చదువుకునేవాళ్లకు తగువు పడే తీరిక ఎక్కడిది?

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పోషకాల పట్టికను కిందినుంచి పైకి చదవాలి. భూతద్దానికి పని నేర్పిన పాత రీడరు పెట్టిన నియమం అది. "అర్థం రుచి లాంటిది. రుచి మరిగావా, పంటికింద రాయి పడేదాకా తెలియదు" అనేవాడాయన. కిందినుంచి చదివితే అర్థం అడ్డు రాదు, అంకెలూ అక్షరాలూ మాత్రమే కనిపిస్తాయి. ఆ నియమం తప్పకుండా భూతద్దం కొన్ని వేల లేబుళ్లు చదివాడు. ఏ ప్యాకెట్టు మీద అక్షరం ఎంత లావో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తింటే ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. సరుకు తయారుచేసేవాళ్లు నమూనాకని పంపిన పెట్టెలు ఆ గదిలోనే ఉంటాయి. అవి తింటూ చదివి, చదువుతూ తిని, ఒంట్లో చక్కెర పెంచుకున్నాడు. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా?

చక్కెర చాపకింద నీరులా వచ్చింది. దానితోపాటు కుడికంట్లో పొర కూడా వచ్చింది. కంటి డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, "మూడు నెలల సగటు చక్కెర తొమ్మిదిన్నర ఉంది. ఎనిమిదికి దిగితే పొర తీస్తాను. దిగకపోతే నేను చెయ్యి వెయ్యను. మూడు నెలల తర్వాత రండి" అంది. ఎడమకన్ను ముందునుంచీ అంతంతమాత్రం. ఆ కుడికన్ను బాగుపడకపోతే ప్రెస్సులో ఆ కుర్చీ ఉండదు, ఆయనకు ఇంకో పని రాదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు కానీ, రోజూ పొద్దున లేచి చేతివేళ్లు కంటిముందు ఆడించుకుని, ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకునేవాడు.

ఆయన భార్య బట్టల దుకాణంలో కొలతలు తీసి కత్తిరించే పని చేస్తుంది. అంగుళం తేడా వస్తే గుడ్డ పాడవుతుందని తెలిసిన మనిషి. మరుసటి రోజుకే అన్నం వండే గిన్నె అటకెక్కింది, రొట్టె, బంగాళాదుంపలు, చక్కెర డబ్బా పక్కింటికి పోయాయి. ఆకుకూరలు, గుడ్లు, చేప ముక్కలు చిన్న త్రాసులో తూచి వండింది. ఆయన పళ్లెంలో ఏది ఉంటే తన పళ్లెంలోనూ అదే పెట్టుకుంది. అన్నిటికీ తలవంచిన ఆయన సాయంత్రం నాలుగింటి దగ్గర మాత్రం మొండికేశాడు. ఆ వేళకి ఏదో ఒకటి కరకరలాడాలి.

"సరే, పది గ్రాముల పిండిపదార్థం దాటకూడదు. ఏది తినొచ్చో లేబులు చూసి మీరే తేల్చండి. కొలతలు నావి, అక్షరాలు మీవి" అంది ఆమె.

ఆ ఆదివారం ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. ఆయన తినుబండారాల అర ముందు నిలబడి, జేబులోంచి అక్షరాలు పెద్దవిగా చూపే అద్దం తీసి, ఒక్కో ప్యాకెట్టూ తిప్పి చూడడం మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది.

"ఈ చిప్స్ మీద కామా పడాల్సిన చోట చుక్క పడింది" అన్నాడు.

"చుక్కలో పిండి ఎంతుంటుంది?" అంది ఆమె.

"ఇది మా ప్రెస్సుది కాదులే. మాదైతే ఇలా ఉండదు."

"ఏమండీ, మనం తప్పులు కొనడానికి రాలేదు, తినేది కొనడానికి వచ్చాం."

అప్పుడు ఆయన చేతికి గింజల బిస్కట్ల ప్యాకెట్టు తగిలింది. చూడగానే మొహం విప్పారింది. ఆ లేబులు తను దిద్దిందే. పట్టికలో ఆ గడి మీద వేలు పెట్టి చూపించాడు. "పిండిపదార్థాలు నాలుగు గ్రాములు. నువ్వు పది అన్నావు, ఇది నాలుగే."

"నాలుగంటే ప్యాకెట్టు మొత్తానికేనా?" అని ఆమె అడిగింది.

"నేను సంతకం పెట్టిన లేబులు. నాకే చెబుతావా?"

ఆమె ఆరు ప్యాకెట్లు బుట్టలో వేసింది.

అప్పటినుంచి రోజూ నాలుగింటికి ఒక ప్యాకెట్టు తెరుచుకునేది. మైకు చదువుతూంటే ఈయన నములుతూ దిద్దేవాడు. నాలుకకు గింజల రుచి, మనసుకు నియమం తప్పని తృప్తి. ఒళ్లు కూడా కాస్త తేలికపడింది. ఇంట్లో ఆమె వంట అలాంటిది మరి. ఇదంతా తన బిస్కట్ల ఎంపిక వల్లనేనని ఆయన నమ్మాడు. పక్క గదిలో రంగులు కలిపే పెద్దాయనకు కూడా ఉపదేశం మొదలుపెట్టాడు.

ఆరు వారాలు అలా సాగాయి. ఒకరోజు పొద్దున ఆ గింజల బిస్కట్లకే కొత్త రంగు లేబులు వచ్చింది. అలవాటైన లేబులే కాబట్టి గబగబా దిద్ది సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మైకు అదే ప్రూఫు మళ్లీ పట్టుకొచ్చాడు.

"ఇంకోసారి చూడమన్నారు బావా."

"పొద్దున చూశాం కదరా."

"ఏమో, చూడమన్నారు. నీ కన్ను ఎర్రగా ఉంది. కాసేపు కళ్లు మూసుకో. పైనుంచి కిందికి నేను చదువుతాను, నువ్వు ఊరికే విను."

కన్ను మండుతూనే ఉంది కనుక భూతద్దం అభ్యంతరం చెప్పలేదు. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మైకు నెమ్మదిగా, వార్తలు చదివినట్టు చదివాడు. "ఒక వడ్డనకు పోషకాలు. ఒక వడ్డన అంటే రెండు బిస్కట్లు. ఈ ప్యాకెట్టులో వడ్డనలు తొమ్మిది. పిండిపదార్థాలు, నాలుగు గ్రాములు."

"మళ్లీ చదువు" అన్నాడు భూతద్దం.

మైకు మళ్లీ చదివాడు.

ఆయన కళ్లు తెరిచి ప్రూఫు దగ్గరికి లాక్కున్నాడు. ఆ ముక్కలన్నీ ఎన్నిసార్లు చూశాడో లెక్కే లేదు. వడ్డన అన్న మాటలో ఒత్తు సరిగా పడిందో లేదో చూశాడు, తొమ్మిది అంకె తోక తెగిందేమో చూశాడు. నాలుగు తర్వాత తొమ్మిది, తొమ్మిది తర్వాత రెండు, అన్నీ మూలప్రతితో అచ్చంగా సరిపోయాయి. ఒకదానితో ఒకటి గుణించుకోవాలని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు. రోజుకు ముప్పై ఆరు చొప్పున ఆరు వారాలు. టేబులు మీద నాలుగింటికని పెట్టుకున్న ప్యాకెట్టు ఉంది. దాన్ని విప్పకుండానే సొరుగులో పెట్టాడు.

సాయంత్రం నడుస్తూ దారి పొడుగునా ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఏమవుతుంది? బిస్కట్లు మానేస్తే సరి, ఎవరికీ తెలియదు. కానీ తనకోసం ఇష్టమైన తిండంతా వదులుకుని ఆకులు నములుతున్న మనిషి దగ్గర దాచడం ఆయనకు చేతకాలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే జరిగిందంతా చెప్పేశాడు.

ఆమె లోపల్నుంచి కొత్త ప్యాకెట్టు తెచ్చి చింపి, బిస్కట్లను బల్ల మీద రెండేసి చొప్పున పేర్చింది. తొమ్మిది జతలు బల్ల ఈ చివరనుంచి ఆ చివరకు వచ్చాయి.

"ఇదీ మీ నాలుగు" అంది.

"ఊ."

"ఆ రోజు నేనడిగాను."

"అడిగావు."

"మీరేమన్నారు?"

"నాకే చెబుతావా అన్నాను."

ఆమె పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. "దుకాణంలో రోజుకు పాతికమందికి కొలతలు తీస్తాను. ఒక్కరు కూడా తమ నడుము కొలత నిజం చెప్పరు. మీరు నిజం చెప్పారు, అది చాలు." రెండు జతలు ఆయన ముందుకు జరిపి, మిగతావి డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఇకనుంచి లేబుళ్లు నేను చదువుతాను. మీరు కళ్లు మూసుకుని వినండి."

అలాగే మొదలైంది. దుకాణంలో అర ముందు నిలబడి ఆమె పైకి చదివేది, ఆయన చేతులు కట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. దాటిపోయేవాళ్లు ఈ జంటను చూసి తప్పుకుని వెళ్లేవాళ్లు. ఒక ప్యాకెట్టు ముందువైపు 'చక్కెర కలపలేదు' అని ఉంటే, వెనకవైపు గ్లూకోజు పాకం ఉందని ఆమె పట్టుకుంది. ఇంకోదాని మీద ఒక వడ్డన అంటే ఏడు చిప్సు అని ఉంది. "ఏడు చిప్సు తిని ఎనిమిదోది ముట్టకుండా లేచేవాడు మనిషే కాదు" అన్నాడాయన కళ్లు మూసుకునే. ఆమె నవ్వాపుకోలేక అర పట్టుకుని నిలబడింది. పెళ్లయి ముప్పై ఏళ్లయినా ఆమె గొంతు అంతసేపు, అంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రాలు ఆయనకు ఎంతో బాగున్నాయి. కంటి దిగులు కూడా అంతసేపూ గుర్తొచ్చేది కాదు.

మూడు నెలలు నిండాయి. డాక్టరమ్మ కాగితం విప్పుతున్నంతసేపూ ఆయన చెయ్యి భార్య చేతిలోనే ఉంది.

"ఏడు పాయింట్ ఎనిమిది. వచ్చే గురువారం పొర తీస్తాను. రెండు వారాలు ఏమీ చదవకూడదు" అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుని, ఏడుపు అయ్యేదాకా ఆగి, ఇంటికి తీసుకెళ్లింది.

మర్నాడు ప్రెస్సులో మైకుకు చెప్పగానే అతను లేచి బావను వాటేసుకున్నాడు. ఆ సంబరం కాస్త తగ్గాక భూతద్దానికి కొత్త బెంగ పట్టుకుంది.

"రెండు వారాలు ఈ ప్రూఫులు ఎవరు చూస్తార్రా?"

"నేను చూస్తానులే."

"నువ్వా? నీకు చదవడం వచ్చుగానీ చూడడం వచ్చా? అవునూ, ఆ రోజు గింజల బిస్కట్ల ప్రూఫు ఇంకోసారి చూడమన్నది ఎవరు? మొన్న మేనేజరును అడిగితే నాకేం తెలియదన్నాడు."

మైకు మూలప్రతి కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. రోజంతా మోగే గొంతు ఆ నిమిషాన సగానికి తగ్గింది.

"ఎవరూ అనలేదు బావా. నేనే తెచ్చాను. నువ్వు సంతకం పెట్టాక రోజూ మధ్యాహ్నం నేనొకసారి చదువుతాను. పైనుంచి కిందికి, మామూలుగా. నాకు నీ పద్ధతి రాదు కదా. ఆ రోజు అలా చదివినప్పుడే ఆ వడ్డన సంగతి కనిపించింది. నువ్వేమో రోజూ నా ఎదురుగానే ప్యాకెట్టు ఖాళీ చేస్తున్నావు. లేబుళ్ల గురించి నీకు నేను చెప్పడమంటే కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టుంటుంది. అందుకని అలా చదివి వినిపించాను."

"ఎన్నాళ్లనుంచి చదువుతున్నావు ఇలా?"

"ఏడాది అవుతోంది."

"అన్నీనా?"

"అన్నీ."

భూతద్దం చేతిలోని పెన్సిలు కింద పెట్టాడు. ఏడాదిగా తన సంతకం మీదే మెషిన్లు తిరుగుతున్నాయనుకున్నాడు. సిగ్గు వేసింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు.

"నేను వదిలేసిన తప్పులు దొరికాయా?"

"అప్పుడప్పుడు. దిద్దేశాను."

"మరి ఏడాదిపాటు నాతో ఒక్క మాటైనా అనకుండా ఎలా ఉన్నావురా? మీ అక్కకు తెలిస్తే ఏమంటుంది?"

మైకు తలెత్తి చూశాడు. "చదవమన్నది అక్కే బావా. నీకు మొదటిసారి కన్ను మసకేసిన రోజునే నాకు చెప్పింది. ఆయనకు తెలియనివ్వకు, పనే ఆయన ప్రాణం, అంది."

తన కన్ను సంగతి తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు భూతద్దం. ఇద్దరు మనుషులు ఏడాదిగా చెరోవైపు పట్టుకుని నడుస్తుంటే, తన కాళ్ల మీద తనే నడుస్తున్నాననుకున్నాడు. కోపం ఎటు పోయిందో పోయింది. కన్ను తుడుచుకుని, టేబులు మీదున్న ప్రూఫును ముందుకు లాక్కుని, అడుగున సంతకం పెట్టాడు. తర్వాత పెన్ను మైకు చేతికిచ్చి, తన పేరు కింద ఖాళీ చోటు చూపించాడు.

"ఇక్కడ నీదీ పెట్టు" అన్నాడు.